రెండు పక్కలా కోసిన జీపు

ఆదోని లాంటి ఊళ్లో బండ్లకు అంత తుప్పు ఎక్కడిదని ఈ మధ్య మా పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. మాకు సముద్రం లేదు. వానలు కూడా దయ కలిగినప్పుడే పడతాయి. మా షెడ్లకు వచ్చే బండ్లలో ఎక్కువ భాగం ఎండకు రంగు వెలిసినవి, కంకర రోడ్ల మీద సొట్టలు పడ్డవి, గొర్రెల మందను తప్పించబోయి చెట్టుకు గుద్దుకున్నవి. నేలంతా తుప్పు తినేసిన బండి రావడం అరుదు. అలా వచ్చిన ఒక పాత జీపు గురించి చెబుతాను. అది మా షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఒక మనిషి సొంత ఊళ్లో ఉంటాడా, వలస పోతాడా అన్నది మా చేతుల్లో ఉండింది. దాన్ని బాగు చేయడానికి ముందు మేము బాగా చెడగొట్టాం కూడా.

నా సంగతి రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. ఆలూరు రోడ్డు మీద నాకు టింకరింగ్ షెడ్డు ఉండేది. సొట్టలు తీయడం, కుళ్లిన రేకు కోసి కొత్త రేకు అతకడం మా పని. ఇంజన్ జోలికి పోము. దాంతో పాటు చాలా ఏళ్లు ఒక దినపత్రికకు మా ఊరి వార్తలు రాసేవాణ్ణి. పత్రిక వాళ్లు నన్ను టింకరు అనేవారు, షెడ్డులో వాళ్లు రిపోర్టరు అనేవారు. రెండు చోట్లా అది మెచ్చుకోలు కాదు. జరిగింది ముందు రాయి, నీ అభిప్రాయం చివర్లో రాయి, అదీ స్థలం మిగిలితే అని డెస్కులో ఒక పెద్దాయన మొదట్లోనే నేర్పాడు. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఇప్పుడు రెండు పనులూ మానేశాను. షెడ్డు నా వెల్డరే చూసుకుంటున్నాడు. మధ్యాహ్నాలు నేను వెళ్లి కుర్చీలో కూర్చుని సలహాలు ఇస్తాను. వాళ్లు నాకు టీ ఇస్తారు. టీ నేను తాగుతాను గానీ, సలహాలు వాళ్లు తీసుకున్నట్టు కనపడదు.

జీపు ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. ఏదో ప్రభుత్వ శాఖ వేలం వేస్తే కొన్న బండి. తెచ్చినాయన మగ్గం ఇంట్లో పుట్టినవాడు. మగ్గం గుంటలో కూర్చోవడానికి ఓపిక చాలక స్టీరింగ్ పట్టుకున్నాడు. రంగుల కార్ఖానా నుంచి రంగు వేసిన నూలు చిలపలు, అంటే చుట్టిన నూలు కట్టలు, ఎత్తుకుని ఎమ్మిగనూరులోనూ, కోసిగి వైపు పల్లెల్లోనూ మగ్గాలున్న ఇళ్లకు చేరవేయడం ఆయన బతుకుదెరువు. ఆ పల్లెల్లో కొన్నింటికి దారి అంటే వాగే. అందుకే కార్ఖానా వాళ్లు ఈ జీపును వదలలేదు.

"ఏమప్పా, నేల యాడ పోయింది?" అన్నాడు మా వెల్డరు, డ్రైవర్ సీటు ముందుకు వంగి చూస్తూ.

"బ్రేకు తొక్కినప్పుడల్లా రోడ్డు కనపడతాంది భాయ్. గాలి కూడా సల్లగ వస్తాంది," అని నవ్వాడు జీపు తెచ్చినాయన.

ఆ నవ్వు ఆయన మొహం మీద ఎక్కువసేపు నిలవలేదు. అంతకుముందు వారమే ఆయన బండిని ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకుపోయాడు. తనిఖీ అధికారి నేల చూసి, తలుపుల కింద రేకును వేలితో నొక్కి, వేలు లోపలికి దిగిపోతే వెనక్కి లాక్కున్నాడట. బాగు చేయించి మళ్లీ తీసుకురమ్మన్నాడు. అప్పుడు కూడా ఇదే వాటం ఉంటే ఇక రోడ్డు మీద తిరగనివ్వనని చెప్పి పంపాడు.

"ఇంకొక్క సారే అన్నా," అన్నాడు జీపాయన నాతో. "కాగితం రాకుంటే కార్ఖానా వాళ్లు ఇంకోరి మినీ లారీని పెట్టుకుంటారు. నాకు మగ్గం చేత కాదు, సేను లేదు. బెంగళూరుకు పోవల్ల, బిల్డింగ్ పనికి. మా ఆడమనిషి రానంటాంది. అచ్చులు అతికే పని ఆయమ్మది, మగ్గం మీద పాత పోగులకు కొత్తవి కలిపేది. ఆడ ఎవరికి అతుకుతాది?"

ఎమ్మిగనూరు నుంచి, కోసిగి నుంచి బెంగళూరు పోయిన కుటుంబాల గురించి నేను పత్రికకు ఎన్నోసార్లు రాశాను. బస్సు ఎక్కేవాళ్లను బస్టాండులో నిలబడి చూడటం వేరు. పోవాల్సి వస్తుందేమో అని ఒక మనిషి మన షెడ్డులో నిలబడి మన మొహం చూడటం వేరు. చేద్దాం, బండి వదిలిపెట్టు అన్నాను.

తుప్పు ఎక్కడి నుంచి వచ్చిందో వెనక నేల చూశాక తెలిసింది. దాని మీద గోనె సంచులు పరిచి ఉన్నాయి. తీస్తే ఒకదాని కింద ఒకటి. అడుగున ఉన్నవి రేకుకు అతుక్కుపోయి, లాగితే పెంకుల్లాగా ఊడి వచ్చాయి.

"ఏమిటికప్పా ఇన్ని గోనెలు?" అని అడిగాను.

"నూలుకు తుప్పు మరక అంటుకుంటే సావుకారు ఊరుకుంటాడా అన్నా? కింద తుప్పు కనపడినప్పుడల్లా ఇంకో గోనె ఏస్తాంటి."

రంగు తొట్టిలో ఉప్పు కూడా వేస్తారని, నూలుకు రంగు బాగా పట్టడానికి అది కావాలని ఆయనే చెప్పాడు. తొందర పనులప్పుడు చిలపలు పూర్తిగా ఆరకముందే బండిలోకి ఎక్కించేవారు. ఉప్పు నీళ్లు గోనెలోకి దిగేవి. గోనె వాటిని పట్టి పెట్టుకునేది. మా ఎండలు ఎంత మండినా ఆ గోనెల అడుగున ఎన్నడూ ఆరలేదు. నూలును కాపాడటానికి ఆయన ఏళ్ల తరబడి చేసిన పని నేలను తినేసింది. ఒక్క మరక కూడా పడనివ్వలేదని ఆయనకు గర్వం ఉండేది. ఆ గర్వాన్ని మేము కాదనలేదు.

పని పెద్దది. వెనక నేల, ముందు నేల, రెండు పక్కలా తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పోయే దూలం లాంటి రేకు, అన్నీ మార్చాలి. చేతులు చాలవని గూడూరు నుంచి ఇంకో టింకరును పిలిపించాం. ఆయన లారీ క్యాబిన్లు కట్టి పేరు తెచ్చుకున్నవాడు. మా వెల్డరు ఆదోని వాడే. వాళ్ల నాయన రేకు పెట్టెలు చేసి అమ్మేవాడు, ఈయన చిన్నప్పటి నుంచి రేకుతోనే పెరిగాడు. ఇద్దరూ మంచి పనివాళ్లు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. గొడవంతా అక్కడే.

మొదటి రోజే మాట తేలిపోయింది. "జీపా? మా లారీల ముందు ఇదేమి, ఆట బొమ్మ," అన్నాడు గూడూరాయన. "బొమ్మకు కొలత ఎక్కువ ఉస్తాద్. లారీకి జానెడు అటూ ఇటూ పోతే ఎవరు సూస్తారు?" అన్నాడు మా వాడు.

మా షెడ్లలో ఒక పద్ధతి ఉంది. కోసిన తుక్కు చీకటి పడేలోపు షెడ్డు దాటాలి. కాళ్లకు గీసుకుంటుందని ఒక కారణం. రాత్రి తుప్పు ఇనుము షెడ్డులో ఉంటే మర్నాడు పని సాగదని పాతవాళ్ల నమ్మకం. అసలు కారణం వేరే. తుక్కు అమ్మితే వచ్చే డబ్బుతోనే పనివాళ్ల సాయంత్రపు టీ, బజ్జీలు. పాత ఇనుము కొనే గుజిరీ అంగడి ఆయన తోపుడు బండి రోజూ పొద్దు వాలేసరికి మా గుమ్మంలో ఉండేది. ఈ పద్ధతి వల్ల మాకు ఎన్నడూ నష్టం రాలేదు, ఆ రోజు వరకు.

ఆ రోజు పొద్దున డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. మార్కెట్ యార్డుకు పత్తి విపరీతంగా వచ్చిందట, ట్రాక్టర్లు రోడ్డు మీదికి బారులు తీరాయట, వెంటనే వార్త కావాలట. బయలుదేరుతూ ఇద్దరికీ చెప్పాను.

"ఎడమ పక్కదే కొయ్యండి. దానికి కొత్తది అతికినంకనే కుడి పక్కకు పోదాం."

ఇద్దరూ తలలు ఊపారు. యార్డులో రైతులతో మాట్లాడి, కమీషన్ ఏజెంట్లతో మాట్లాడి, అక్కడే ఒక మూల కూర్చుని వార్త పంపి షెడ్డుకు వచ్చేసరికి పొద్దు వాలింది. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని బజ్జీలు తింటున్నారు. జీపుకు రెండు పక్కలా కింద ఏమీ లేదు. మధ్య నేల కూడా లేదు.

"అయిపాయె అన్నా," అన్నాడు వెల్డరు సంతోషంగా. "రెండు పక్కలా సాఫ్."

"ఎడమ పక్కే అంటి కదప్పా?"

"నేను ఎడమ పక్కే కోసినా. కుడి పక్క కోసింది ఈయన."

గూడూరాయన బజ్జీ కింద పెట్టాడు. "ఈయన ఆ పక్క కోస్తాంటే నేను సుమ్మనే కూసోవల్లనా? లారీకైతే ఇద్దరు రెండు పక్కలా ఎక్కుతాం. ఎవురు ముందు కోస్తే వాళ్లకు బజ్జీలని భాయే పందెం కట్టె."

"ఎవరు గెలిచినారు?"

"నేనే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నేను పోయి డ్రైవర్ పక్క తలుపు వేశాను. అది పడలేదు. తలుపు పక్కనుండే నిలువు కమ్మీకి తగిలి వెనక్కి వచ్చింది. రెండో పక్క తలుపుకూ కమ్మీకీ మధ్య నా చెయ్యి పట్టేంత సందు వచ్చింది. ఇద్దరూ బజ్జీలు వదిలి లేచి వచ్చారు.

ఏం జరిగిందో కొత్తవాళ్లకు చెప్పాలి. లారీ క్యాబిన్‌కు గట్టి చట్రం ఉంటుంది. పాత జీపు ఒళ్లు మూత లేని రేకు పెట్టె. ఆ దూలాలూ నేలా కలిసి పక్కలను పట్టుకుని ఉంటాయి. ఒక పక్క కోస్తే రెండో పక్క పట్టి ఉంచుతుంది. రెండూ కోసి, మధ్యలో నేల కూడా తీసేస్తే పెట్టె విచ్చుకుంటుంది. ఒక పక్క బయటికి వాలుతుంది, ఇంకో పక్క కిందికి కుంగుతుంది. ఎంత వాలిందో ఎంత కుంగిందో చెప్పడానికి బండిలో ఏ కొలతా మిగలదు.

మర్నాడు గొలుసు కట్టి లాగాం. జాకీ పెట్టి ఎత్తాం. ఎడమ తలుపు పడితే కుడి తలుపు పడదు. కుడిది పడేట్టు చేస్తే వెనక తలుపు గొళ్లెం అందదు. మా వెల్డరు గొలుసు పట్టుకుని లాగుతుంటే గూడూరాయన "ఇంకా, ఇంకా" అనేవాడు. ఆయన చెప్పిన చోటికి వచ్చాక "అరెరె, ఎక్కువాయె" అనేవాడు. అట్లాంటి జీపే ఊళ్లో ఇంకోటి ఉంటే కొలతలు తీసుకుందామని వెతికాను. బండ పాలిష్ మిల్లులో ఒకటి ఉందని తెలిసి టేపు తీసుకుని పోయాం. పాసింజర్లు ఎక్కువ పట్టాలని దాన్ని ఎవరో నడుమ కోసి పొడుగు చేశారు. తలుపులు తీసేసి కడ్డీలు పెట్టారు. దాన్ని కొలిస్తే దాని కొలతే తెలిసింది.

పరీక్షకు పోవాల్సింది ఆ వచ్చే సోమవారం. పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని జీపాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెను మేము చూడటం అదే మొదటిసారి. నడివయసు మనిషి, చేతి వేళ్ల కొసలకు నూలు రంగు.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇది మళ్ల జీపు అవుతాదా అన్నా?"

మా వెల్డరు నేల చూస్తున్నాడు. గూడూరాయన షెడ్డు కప్పు చూస్తున్నాడు.

"ఇంగ బెంగళూరే," అన్నాడు జీపాయన, ఎవరితోనూ కాకుండా.

"నువ్వు పోతే పో," అంది ఆమె. "నేను రాను. ఆడ నేనేం చేయల్ల? ఇటుకలు మోయల్లనా? నాకొచ్చిన పని ఈడ ఉండాది."

"ఇద్దరూ ఉండి ఈడ ఏం తింటాం?"

"అది తర్వాత సూస్తాం. ముందు ఈ పెద్దమనుషులు ఏం జేసినారో సూడనీ."

ఆమె వంగి జీపు కిందికి చూసింది. కోసిన అంచు పొడుగునా వేలు పెట్టి నడిచింది. రెండు పక్కలా అట్లాగే చూసి మా ముందుకు వచ్చి నిలబడింది.

"పాతవి యాడ?"

"పాతవి అంటే?" అన్నాడు వెల్డరు.

"కోసిన ముక్కలు."

"అవి కుళ్లిపోయినాయి సెల్లెమ్మా. అప్పుడే గుజిరీకి పోయినాయి."

"రేకు కుళ్లితే కొలత కూడా కుళ్లుతాదా?"

ఆమె చేతిలో ఏమీ లేకపోయినా రెండు పోగులు పట్టుకున్నట్టు పట్టి చూపించింది. "మా ఇండ్లలో మగ్గం మీద పాత పడుగు అయిపోతే ముందే తీసి పారేయం. దాని కొసలు అచ్చులో ఉండంగానే ఒక్కొక్క పాత పోగుకు ఒక్కొక్క కొత్త పోగు కలుపుతాం. పాతది దారి సూపిస్తాది, కొత్తది దాని ఎంట పోతాది. అన్నీ కలిసినంకనే పాతది బయటికి వస్తాది. ముందే పీకేస్తే ఏ పోగు యాడిదో బ్రహ్మదేవునికి కూడా తెల్దు."

"ఇది సీర కాదు సెల్లెమ్మా, జీపు," అన్నాడు వెల్డరు. మాటలో మునుపటి పొగరు లేదు.

"సీరయ్యింటే నీ చేతికి ఇయ్యనే ఇయ్యను."

గూడూరాయన పగలబడి నవ్వాడు. మా వాడు కూడా నవ్వక తప్పలేదు. జీపాయన ఒక్కడే నవ్వలేదు.

ముక్కముక్కగా మార్చడం మాకు తెలియని పని కాదు. చిన్న పనుల్లో ఎన్నోసార్లు చేసిందే. కానీ కోసేశాక పాత ముక్కను తిరిగి తెచ్చి అదే చోట పెట్టవచ్చని, అది కుళ్లినదైనా బండిని మళ్లీ నిలబెడుతుందని ఆ షెడ్డులో ఎవరికీ తట్టలేదు. పోయిన తుక్కు పోయినట్టే అన్నది మాలో అంత బలంగా పాతుకుపోయింది. ఆమెకు ఆ అలవాటు లేదు కాబట్టి అడిగింది.

నేనూ వెల్డరూ అప్పటికప్పుడు గుజిరీ అంగడికి పోయాం. మా అదృష్టానికి హైదరాబాదు పోవాల్సిన లారీ ఇంకా నిండలేదు.

"మీ తుక్కును మీరే ఎతుక్కుంటాండారా?" అన్నాడు అంగడి ఆయన. "ఏం రిపోర్టరన్నా, దీన్ని పేపర్ల ఏస్తావా?"

"ఏస్తా. నీ ఫోటో కూడా ఏస్తా. ముందు దోవ ఇడువు."

ఆ కుప్పలో మా ముక్కలు కనిపెట్టడం కష్టం కాలేదు. ఏళ్ల తరబడి గోనెల కింద నానిన రేకు అది. తుప్పు మీద ఎరుపు, నీలం, పసుపు చారలు, పండక్కి పాత గోడకు వేసిన సున్నం మీద రంగు నీళ్లు చల్లినట్టు. ఒక్కొక్కటే బయటికి లాగి నేల మీద పేర్చుకుంటూ పోయాం. అన్నీ దొరికాయి గానీ కుడి పక్క దూలంలో ముందు కొస మాత్రం లేదు. లారీ ఎక్కి చూశాం. తూకపు కాటా వెనక చూశాం. బయటికి వచ్చి మురుగు కాలువ దాటుతుంటే మా వెల్డరు ఆగిపోయాడు. అంగడి ముందు కాలువ మీద అడుగు పెట్టడానికి వేసిన రేకు మీద నిలబడి ఉన్నాడు. దాని అంచున నీలం చార.

"అది ఇయ్యను," అన్నాడు అంగడి ఆయన. "అది మంచిగుండాది. జనం యాడ కాలు పెట్టల్ల?"

మా షెడ్డు నుంచి కొత్త రేకు ముక్క తెప్పించి కాలువ మీద వేసిన తర్వాతే ఆయన దాన్ని వదిలాడు. ఆ అంగడికి ఈనాటికీ కాలువ మీద మా పద్దెనిమిది గేజి రేకే.

మేము తిరిగి వచ్చేసరికి భార్యాభర్తలు బస్సుకు పోవడానికి లేచారు. ఆమె ముక్కలన్నీ ఒకసారి చూసి, "ఇంగ మీ పని," అంది. ఆయన మాత్రం వెళ్తూ వెళ్తూ జీపు బానెట్ మీద చెయ్యి వేసి తీశాడు. ఆ చెయ్యి చూసి మా వెల్డరు ఆ రోజు ఇంటికి తిండికి కూడా పోలేదు.

కుళ్లిన రేకుకు వెల్డింగ్ పట్టదు. మంట తగిలితే కరిగిపోతుంది. మంచి ఇనుము మిగిలిన చోటు వెతికి అక్కడక్కడ చుక్క చుక్క అతికాం. దాన్ని మేము టాకా వేయడం అంటాం. పట్టని చోట బోల్టులు బిగించాం. ఆ చిల్లుల ముక్కలన్నీ వాటి వాటి చోట్లలో కూర్చున్నాక, కోసిన అంచు కోసిన అంచుకు కలిసేదాకా గొలుసుతో లాగాం. ఈసారి "ఇంకా, ఇంకా" అనే పని పడలేదు. అంచులు కలిసిన చోట ఆగాలని ఎవరికైనా తెలుస్తుంది. గూడూరాయన తలుపు వేశాడు. పడింది. రెండోది పడింది. వెనకది కూడా గొళ్లెం అందుకుంది. ప్రపంచంలోకెల్లా వికారమైన జీపు, కానీ అన్ని తలుపులూ పడుతున్నాయి.

అప్పుడు ఆ పెట్టె మళ్లీ విచ్చుకోకుండా తలుపు సందుల్లో అడ్డంగా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఐమూలగా ఇనుప యాంగిల్ ముక్కలు అతికించాను. ఆ పని మాత్రం నేనే చేశాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత జానెడు పాతది కోయడం, అంత కొత్తది అతకడం. చల్లారేదాకా ఆగడం. తలుపు వేసి చూడటం. మళ్లీ జానెడు. ఒక పక్క పూర్తిగా అయ్యాకనే రెండో పక్క. పందెం మనుషులిద్దరూ ఒకే పక్క కూర్చున్నారు. ఒకాయన కోస్తే ఒకాయన అతికాడు. మధ్యలో మాటల పోటీ మాత్రం ఆగలేదు.

"ఏం ఉస్తాద్, లారీ ఇంకా రాలేదా?"

"నువ్వు అతుకు భాయ్. సెల్లెమ్మ వస్తే నీ ముడి సూసి నవ్వుతాది."

తుక్కు మాత్రం ఆ వారమంతా షెడ్డులోనే ఉంది. తోపుడు బండి వచ్చి ఉత్త చేతులతో పోయేది. టీ నా డబ్బుతో తెప్పించాను. పాతవాళ్లు చెప్పినట్టు పని సాగకుండా పోలేదు.

వెనక నేలకు నీళ్లు కిందికి పోయేట్టు రంధ్రాలు పెట్టాం. అడుగున నల్ల పూత వేశాం. నూలు ఆనడానికి రేకు మీద చెక్క పట్టీలు బిగించాం, కింద గాలి ఆడుతుందని. రంగు పని ఆదివారానికి అయింది. పచ్చ రంగు వేద్దామా అంటే, ఎప్పుడూ ఉండే బూడిద రంగే ఉండనీ, లేకుంటే పల్లెల్లో జనం గుర్తుపట్టరు అన్నాడు జీపాయన ఫోన్‌లో. జనం గుర్తుపట్టాలని ఆలోచిస్తున్నాడంటే మనిషి కొంచెం నిలదొక్కుకున్నాడని మాకు అర్థమైంది.

సోమవారం మేము ముగ్గురమూ జీపులోనే పరీక్షకు పోయాం. తలుపేదైనా అక్కడ మొండికేస్తే సరిచేయడానికి సుత్తులు, పానాలు వెనక వేసుకున్నాం. మా వెల్డరు మధ్యాహ్నానికని ఇంటి నుంచి తెచ్చిన క్యారియర్ కూడా వెనకే పెట్టాడు. గూడూరాయన తన బట్టల సంచి పెట్టాడు. పని ముగిసినట్టే కాబట్టి అట్నుంచటే ఊరికి పోతానన్నాడు. దారిలో బస్టాండు దగ్గర జీపాయనా, ఆయన భార్యా ఎక్కారు. ఆమె పాదాలు పెట్టే ముందు కొత్త నేలను ఒకసారి కాలితో తట్టి చూసింది. ఆ తర్వాతే కూర్చుంది.

అధికారి అదే అధికారి. జీపు చూసి గుర్తుపట్టాడు. ముందు వేలితో నొక్కాడు, పోయినసారి వేలు దిగిన చోటే. తర్వాత పానా తీసుకుని తలుపుల కింద పొడుగునా కొడుతూ నడిచాడు. గట్టి రేకు చప్పుడు వేరు, లప్పం పూసి దాచిన రేకు చప్పుడు వేరు. ఆ చప్పుడు వింటూ మేము ముగ్గురం ఆయన వెనక నడిచాం. ఆయన ఆగిన చోట ఆగాం. కింద పడుకుని టార్చి వేసి చూశాడు. లేచి తలుపులు ఒక్కొక్కటీ తెరిచి వేశాడు. జీపాయన మాత్రం నడవలేదు. గోడ నీడలో భార్య పక్కన నిలబడి, ప్రతి తలుపు చప్పుడుకూ కళ్లు మూసి తెరిచాడు.

"ఎవరు చేశారు ఇది?" అన్నాడు అధికారి.

మామూలుగా అయితే మా వెల్డరు ఒక అడుగు ముందుకు వేసేవాడు. గూడూరాయన ఆయన కంటే ముందు ఇంకో అడుగు వేసేవాడు. ఆ రోజు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని గోడ వైపు చెయ్యి చూపించారు. అధికారి ఆమె వైపు చూశాడు, మా వైపు చూశాడు. వేళాకోళం అనుకున్నాడో ఏమో, నవ్వి లోపలికి పోయాడు.

కొంతసేపటికి కాగితం వచ్చింది. జీపాయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివాడు. చదివి భార్యకు ఇచ్చాడు. ఆమె కూడా మొదటి నుంచి చివరిదాకా చదివి, మడిచి, సంచిలో పెట్టుకుని, "పదప్పా, అచ్చు సగంలో ఇడిసి వచ్చినా," అంది. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. కార్ఖానా వాళ్లు. నూలు ఆరింది, మూడు పల్లెల వాళ్లు ఎదురు చూస్తున్నారు, కాగితం వచ్చిందా లేదా అని. "వచ్చె, వచ్చె, బయలుదేరినా," అని అరుస్తూనే ఆయన జీపు ఎక్కాడు. ఆమె పక్కన ఎక్కింది. మాకు దండం పెట్టాడో, స్టీరింగ్ తిప్పాడో తెలియని విధంగా ఒక చెయ్యి ఊపి, గేటు దాటి ఎమ్మిగనూరు రోడ్డు ఎక్కాడు.

దుమ్ము తగ్గేదాకా మేము ముగ్గురం తృప్తిగా చూస్తూ నిలబడ్డాం. ఆ తర్వాత మా వెల్డరు ఉలిక్కిపడ్డాడు.

"అన్నా, నా క్యారియరు!"

నా సుత్తులు, పానాలు, గూడూరాయన సంచి, మా వాడి భోజనం, అన్నీ ఆ కొత్త నేల మీదే పోతున్నాయి. వెల్డరు రోడ్డు మీదికి పరుగెత్తి చేతులూపాడు. జీపు అప్పటికే చాలా దూరం పోయింది. మధ్యాహ్నపు ఎండ, జేబులో షేర్ ఆటో చార్జీ, ముగ్గురికీ ఆకలి.

గూడూరాయన వచ్చి మా వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలే భాయ్. బెంగళూరుకు పోలేదు కద, ఎమ్మిగనూరుకే పోయినాడు."